ముందు కప్పు, తర్వాత నీరు

(చెన్నై టి.నగర్‌లో తెలుగువారి సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం. చివర శ్రోతలు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, పాత ఇంటికి ప్రాణం పోసిన తల్లి అన్నారు. అంత మాట వద్దండీ. ప్రాణం పోసినవాళ్లు మేస్త్రీలు, వడ్రంగులు, బావిలోకి దిగి పూడిక తీసినవాళ్లు. సెలవు దొరికినప్పుడల్లా సూళ్లూరుపేట లోకల్ ఎక్కి వెళ్లడం, వాళ్ల పక్కన నిలబడి అడ్డమైన ప్రశ్నలన్నీ వేయడం, ఇంతే నేను చేసింది. ఈ పని మొదలై పదిహేనేళ్లు దాటింది కనుక వాళ్ల దగ్గర కాస్త నేర్చుకున్నాను.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి నెల్లూరు వైపో, చిత్తూరు వైపో తాళం వేసిన ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఆ తాళంచెవి ఏ పినతండ్రి గారి బీరువాలో ఉందో మాత్రం ఎవరికీ గుర్తుండదు. (నవ్వులు)

మా ఇల్లు సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు వైపు వెళ్లే దారిలో ఉంది. తాతగారు కట్టించారు. నడుమ పైకప్పు లేని మండువా, చుట్టూ వసారాలు, వీధి వైపు అరుగులు, వెనక వంటిల్లు, పెరట్లో బావి, పశువుల కొట్టం. గోడలు అడుగున్నర మందం. ఇటుక, మట్టి అడుసుతో కట్టి పైన సున్నం పూశారు. కప్పు బెంగుళూరు పెంకులు. పడమటి గది ఒక్కటే మద్రాసు టెర్రస్, అంటే దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన చదును కప్పు. నాన్నగారు పోయాక కొన్నేళ్లు మూసే ఉంచాం. తలుపు తెరిచేసరికి మండువాలో తుమ్మ మొక్క, అటక మీద గబ్బిలాలు, వంటింటి గోడలోంచి రావి చెట్టు.

ఇటుకలు, సున్నం కంటే ముందు కాగితాల సంగతి చెబుతాను. మా అక్క పెళ్లి 1979లో, నా పెళ్లి 1988లో జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్టం సవరణ ప్రకారం, ఆనాటికి పెళ్లి కాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. అంటే నాకు ఉంది, అక్కకు లేదు. ఇద్దరం ఒకే తల్లి కడుపున పుట్టాం! 2005లో కేంద్రం చట్టాన్ని సవరించాక ఈ తేడా పోయింది. దాంతో పాటే హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షను కూడా పోయింది. కుటుంబం కాపురమున్న ఇంటిని మగ వారసులు పంచుకుందాం అనుకునేదాకా ఆడపిల్ల పంపకం అడగకూడదని ఆ సెక్షను చెప్పేది. ఇది తెలియని ఆడపడుచులు ఇప్పటికీ ఉన్నారు. తెలిసినా చెప్పని అన్నదమ్ములూ ఉన్నారు. మా అన్నయ్య అలాంటివాడు కాదు. ఇల్లు ముగ్గురిదీ, ఖర్చు నాది, ఎప్పుడైనా అమ్మితే నా ఖర్చు ముందు తీసి మిగిలింది మూడు వాటాలు వేయాలని ముగ్గురం రాసుకుని రిజిస్టరు చేయించుకున్నాం. గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్ల కోసం ఉంచిన స్థలంలో ఉన్న ఇళ్లలో చాలావాటికి పట్టా కాగితమంటూ ఉండదు. 2020లో మొదలైన స్వమిత్వ పథకంలో డ్రోన్లతో ఇళ్ల స్థలాలను కొలిచి హక్కు పత్రాలు ఇస్తున్నారు. మీ ఊళ్లో కొలతలు పడ్డాయో లేదో కనుక్కోండి. ఈ రాతకోతలు తేలకుండా ఒక్క ఇటుక కూడా ముట్టుకోవద్దు.

ఇక ఇంటి పనికి వస్తాను. అందరూ ముందు రంగులు వేయించి, గచ్చు తీసి టైల్సు పరిపిస్తారు. బంధువులు వస్తే కనిపించాలి కదా! పాత ఇంటికి మాత్రం ముందు కప్పు, తర్వాత నీరు పోయే దారి. ఈ రెండూ చేశాక ఒక వానాకాలమంతా ఇంకేమీ చేయకుండా ఊరుకోవాలి. ఈ ఊరుకోవడమే ఎవరి వల్లా కాదు.

పెంకు ఒకటి జారితే ఏమవుతుందో చూడండి. ఆ సందులోంచి నీరు పెంకులను మోసే చెక్క బద్ద మీద పడుతుంది. బద్ద కుళ్లితే పై వరుస పెంకులు కుంగుతాయి. నీరు వాసం వెంబడి జారి గోడ తలకు చేరుతుంది. మాది మట్టి అడుసుతో కట్టిన గోడ కాబట్టి తల తడిస్తే లోపలి మట్టి కరిగి దిగిపోతుంది. పైన పూత నిలిచే ఉంటుంది, లోపల గోడ బోలు. ఇదంతా ఒక్క పెంకుతో మొదలవుతుంది. అందుకే మొదటి ఏడు డబ్బంతా కప్పుకే పెట్టాను. బంధువులు వచ్చి "ఏమీ చేయించలేదే!" అని జాలిపడి వెళ్లారు.

పెంకుల్లో ఒక ఇబ్బంది ఉంది. మనం బెంగుళూరు పెంకులనేవాటికి మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు 1865లో కార్ఖానా పెట్టిన దగ్గర నుంచి ఈ వ్యాపారంలోకి ఎన్నో కంపెనీలు వచ్చాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. కానీ ఒక కంపెనీ పెంకు గాడిలో ఇంకో కంపెనీ పెంకు కూర్చోదు, వెంట్రుకవాసి తేడా ఉన్నా నీరు దిగుతుంది. అడుగున ఉన్న ముద్ర చూసి, అదే ముద్ర ఉన్న పాత పెంకులు వెతికాం. పక్క ఊళ్లో కూల్చేస్తున్న బడి కప్పు మీద దొరికాయి. వేలి కణుపుతో కొడితే కణకణమన్నవి తీసుకున్నాం, బొదబొదమన్నవి వదిలేశాం.

నీటి సంగతి ఇంకా విచిత్రం. మండువా ఇంట్లో నాలుగు వైపుల కప్పుల నీరూ నట్టింట్లోకే వస్తుంది. అక్కడి నుంచి వసారా అడుగున తూము గుండా పెరట్లోకి పోవాలి. మా తూము ఎన్నాళ్ల కిందట పూడిందో ఎవరికీ తెలియదు. ఆ నీరంతా పునాదిలోకే ఇంకేది. దీనికి తోడు వీధిలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయారు. తాతగారి నాడు అరుగు ఎక్కాలంటే మూడు మెట్లు ఉండేవి, ఇప్పుడు ఒకటే మిగిలింది. చెన్నైలో ఉన్న మీకు ఇది వేరే చెప్పాలా? ఇక్కడా రోడ్లు పెరుగుతాయి, ఇళ్లు దిగుతాయి. అరుగుల ముందు కంకర నింపిన కాలువ తవ్వించి వీధి నీటిని పక్కకు మళ్లించాం. తూము పూడిక తీశాం. రెండూ చవక పనులే. వాటి తర్వాత గోడలకు జరిగిన మేలు మాత్రం ఇంకే ఖరీదైన పనితోనూ జరగలేదు.

తర్వాత ఆగాం. మన తీరానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ కాలంలో వెళ్లినప్పుడల్లా గోడ మీద తేమ ఎంత ఎత్తుకు వచ్చిందో బొగ్గుతో గీత గీసి తారీఖు రాసేదాన్ని. ఎక్కడ కారుతోంది, ఎక్కడ ఊరుతోంది అన్నది ఆ గీతలతో తేలింది. కారడం పైనుంచి, ఊరడం కిందినుంచి. రెండింటికీ మందు ఒకటి కాదు.

ఊరే గోడల దగ్గర అసలు దోషి బయటపడింది, సిమెంటు. తొంభైలలో ఎవరో మంచి ఉద్దేశంతోనే గోడల అడుగున నడుమెత్తు దాకా సిమెంటు పూత పూయించారు. సున్నపు పూతలో సన్న రంధ్రాలుంటాయి. నేలలోంచి గోడ పీల్చిన తేమ వాటిలోంచి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. ఎండాకాలంలో రెయిన్‌కోటు తొడుక్కున్న మనిషి గతి పట్టింది ఆ గోడకు. తేమ బయటికి రాలేక పైకి పాకింది. సిమెంటు అంచు దాటిన చోట ఆరింది. ఆరిన చోట దానిలోని ఉప్పు గడ్డకట్టి పూతను, ఇటుకను కూడా పొడి పొడిగా రాల్చింది. పులికాట్ పక్క నేల కదా, ఉప్పుకు కొదవ లేదు. సిమెంటంతా జాగ్రత్తగా చెక్కి తీసేసి, ఒక ఎండాకాలమంతా ఇటుకను బోడిగా వదిలేశాం. తెల్లటి ఉప్పు దూది పూసినట్టు బయటికొచ్చేది. దాన్ని పొడి బ్రష్‌తో దులిపి, చేటలోకి ఎత్తి దూరంగా పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది.

సున్నం గురించి కాస్త ఎక్కువ చెబితే ఓపిక పట్టండి. నాకు అదంటే ఇష్టం. ఒకప్పుడు పులికాట్‌లో గుల్లలు తవ్వి బట్టీల్లో కాల్చేవారు. ఆ గుల్ల సున్నమే మా ఇంటి గోడలకు పూశారు. ఇప్పుడు అది పక్షుల రక్షిత ప్రాంతం, మేం సున్నపురాయి కాల్చిన ముడి సున్నమే తెచ్చుకున్నాం. రాయైనా గుల్లైనా దాదాపు 900 డిగ్రీల వేడిలో బొగ్గుపులుసు వాయువును వదిలి ముడి సున్నమవుతుంది. ఆ గడ్డల మీద నీళ్లు పోస్తే ఒక్క క్షణం ఏమీ జరగదు. తర్వాత సన్నగా చిటపటలు మొదలవుతాయి. గడ్డ నెర్రెలిచ్చి, ఉబ్బి, పగులుతుంది. పొయ్యి లేదు, నిప్పు లేదు, గుంతలో సున్నం మాత్రం కుతకుత ఉడుకుతుంటుంది. ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోవచ్చు. అందుకే మా మేస్త్రి పిల్లలను ఆ ఛాయలకు రానిచ్చేవాడు కాదు. కూలివాళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకున్నాకే పని మొదలుపెట్టేవారు.

ఆ సున్నాన్ని నీటి అడుగున వారాల తరబడి నాననివ్వాలి. తర్వాత జల్లించి, ఇసుక కలిపి గానుగ పట్టాలి. ఎద్దుల గానుగ ఇప్పుడెక్కడ? మోటారు గానుగ అద్దెకు తెచ్చాం. కరక్కాయలు దంచి, బెల్లంతో నానబెట్టి పులియబెట్టిన నీరు అందులో పోశారు. దాంతో సున్నం చేతికి సాగుతుంది, పూత నీటిని తట్టుకుంటుంది. ఆ వాసనకు ఊళ్లో ఈగలన్నీ మా ఇంట్లోనే కాపురం పెట్టాయి. పూశాక రోజూ తడుపుతూ, పగుళ్లు కనబడితే కర్రతో తట్టి మూస్తూ ఉండాలి. సున్నం గాలిలోంచి తాను పోగొట్టుకున్న వాయువునే మెల్లమెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. మా మేస్త్రి అన్నాడు: "అమ్మా, ఈ పూత మీరు బతికున్నంత కాలం గట్టిపడుతూనే ఉంటుంది." దీవెనో, నా వయసు లెక్కో తెలియలేదు! (నవ్వులు)

పడమటి గది పైకప్పుకు కూడా అదే సున్నం. మద్రాసు టెర్రస్ మీలో చాలామంది చూసే ఉంటారు. జార్జిటౌన్‌లో, మైలాపూరులో, ట్రిప్లికేన్‌లో పాత ఇళ్లలోకి వెళ్లి తలెత్తండి. దగ్గర దగ్గరగా టేకు దూలాలు, వాటి మీద ఏటవాలుగా నిలువున పేర్చిన సన్న ఇటుకలు కనిపిస్తాయి. ఆపైన ఇటుక కంకర, సున్నం వేసి చెక్క బడితెలతో రోజుల తరబడి కొట్టేవారు. మా గదిలో రెండు దూలాల చివరలు మాత్రమే పుచ్చాయి. దూలం ఎప్పుడూ గోడలో దూరిన చోటే పుచ్చుతుంది, తేమ అక్కడే నిలుస్తుంది కనుక. మిగతా కర్ర సుత్తితో తడితే గంటలా మోగింది. ఒక ఇంజనీరు వచ్చి కప్పంతా కూల్చి స్లాబు వేసేద్దామన్నారు. మా వడ్రంగి ఆయన ముందు ఏమీ అనలేదు. ఆయన వెళ్లాక, చివరలు కోసి చేవ దేరిన కర్రతో అతుకు వేసి, గోడలో దూర్చే చోట జీడి నూనె పట్టించి, చుట్టూ గాలి ఆడేలా సందు వదిలాడు. చదివినవాళ్ల మీద నాకు చిన్నచూపు లేదు. అయితే కర్రను వేలితో తట్టి చూడకుండానే తీర్పు చెప్పేవాళ్లను నమ్మలేను.

రావి చెట్టు గురించి ఒక్క మాట. దాన్ని లాగకండి. వేరు వెంట గోడ కూడా వస్తుంది. మొదలు దగ్గర కోసి, వేరును చచ్చేదాకా ఎండనివ్వాలి. మళ్లీ చిగిరిస్తే మళ్లీ కోయాలి. రావి చెట్టు కొట్టకూడదని మా ఊరి పెద్దావిడ ఒకరు అభ్యంతరం చెప్పారు. చిన్న కొమ్మ తీసి చెరువు గట్టున నాటించాం. ఆవిడా శాంతించారు, గోడా నిలిచింది.

బావి కథ పెద్దది, కుదించి చెబుతాను. మా వైపు పైపొరలో మంచినీరు, దాని అడుగున ఉప్పునీరు ఉంటాయి. సముద్రపు నీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర పాళ్లు బరువు కనుక మంచినీరు దాని మీద తేలుతుంది. నూరేళ్లకు పైగా తెలిసిన లెక్క ఒకటుంది: పైన మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే అడుగున ఉప్పునీరు నలభై అడుగులు పైకి వస్తుంది. బోరు వేయించి పగలూ రాత్రీ తోడితే జరిగేది అదే. మా వీధిలో బోర్ల నీటితో పప్పు ఉడకదు. మేం పాత బావికే పూడిక తీయించి, వరలు సరిచేయించి, చిన్న మోటారు పెట్టాం. అది కూడా కాసేపే నడుపుతాం. కప్పు మీది వాననీటిని గులకరాళ్లు, ఇసుక నింపిన గుంత గుండా బావిలోకి పంపుతున్నాం. తమిళనాడులో 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. అపార్టుమెంట్లలో చాలామంది తనిఖీ కోసం గొట్టాలు బిగించి ఊరుకున్నారు. ఊళ్లో తనిఖీకి ఎవరూ రారు, బావి నీటి రుచే చెబుతుంది.

పాత ఇల్లంటే మ్యూజియం కాదు. మా అమ్మ జీవితమంతా చీకట్లో పెరడు దాటి వెళ్లింది. నేను వెళ్లను, నా కోడలు అసలే వెళ్లదు. కొట్టం ఉన్న చోట స్నానాల గది, మరుగుదొడ్డి కట్టించాం. సులభ్ సంస్థ పెట్టిన బిందేశ్వర్ పాఠక్ గారు దేశమంతా ప్రచారం చేసిన రెండు గుంతల పద్ధతి, ఒకటి నిండితే రెండోదానికి మళ్లించేది, బావికి బాగా దూరంగా. వంటింట్లో గ్యాసు పెట్టాం, పొగగొట్టం మాత్రం తీసేయలేదు, వేడి గాలి దానిలోంచే పోతుంది. కరెంటు తీగలు గోడ తవ్వకుండా చెక్క పట్టీల మీదుగా లాగించాం. మా అబ్బాయి ఏసీ కావాలన్నాడు. మండువా పైన వెదురు తడకలు కట్టించి, మే నెల మధ్యాహ్నం వాడిని వసారాలో పడుకోబెట్టాను. నిద్ర లేచాక ఏసీ మాటెత్తలేదు. చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద కారైకుడి పాత ఇళ్ల స్తంభాలు, చెక్కిన తలుపులు అమ్ముతారు, కొందామని కూడా అడిగాడు. ఒక ఇల్లు కూల్చిన కర్రతో ఇంకో ఇంటిని సింగారించడం నాకు నచ్చదు. పెంకుల మాటేమిటని మీరు అడగవచ్చు. అవి లేకపోతే ఇల్లు కారుతుంది. స్తంభాలు లేకపోతే ఏమీ కారదు.

2016 డిసెంబరు 12న వర్దా తుపాను గుర్తుందా? ఇక్కడ చెట్లన్నీ పోయాయి, అక్కడ మా చూరు వరుస పెంకులు లేచిపోయాయి. ఆ తర్వాతే తెలిసింది, ప్రతి పెంకు అడుగున ముక్కులో ఒక రంధ్రం ఉంటుంది, తీగతో బద్దకు కట్టడానికి. చూరు, నడికొప్పు వరుసలన్నీ కట్టించాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు చెన్నైలో మా అపార్టుమెంటు కింద కార్లు నీళ్లలో ఉన్నాయి. ఊళ్లో మా ఇంట్లో రెండు పెంకులు జరిగాయి, గోడలు బాగానే ఉన్నాయి.

ఇక ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: మొత్తం ఖర్చెంతయింది?)

ఏ ఏడాది రేటు ఆ ఏడాదిది, ఇప్పుడు చెబితే మీకు ఉపయోగపడదు. అప్పు మాత్రం చేయలేదు. బ్యాంకులో పనిచేసినదాన్ని కదా, వడ్డీ ఎలా పెరుగుతుందో నాకు తెలుసు! బోనసు వచ్చిన ఏడు పెద్ద పని, రాని ఏడు తడకలు, సున్నం. అప్పు తెచ్చి పని మొదలుపెడితే గోడ ఆరేదాకా ఆగలేరు, కాంట్రాక్టరు చెప్పిన సిమెంటుకు తల ఊపుతారు.

(ప్రశ్న: పనివాళ్లు ఇప్పుడు దొరుకుతారా? సున్నం పని తెలిసినవాళ్లే లేరంటారు.)

తక్కువే, కానీ ఉన్నారు. గుడుల మరమ్మతు జరిగే చోట వెతకండి. వాళ్లతో పాటు ఊళ్లో కుర్రవాడిని ఒకడిని పెట్టండి, నేర్చుకుంటాడు. మా మేస్త్రి దగ్గర అలా నేర్చినవాడే ఇప్పుడు మా పనులన్నీ చూస్తున్నాడు. పని మొదలుపెట్టేముందు చెన్నై దగ్గర ముట్టుకాడులో, దక్షిణాది పాత ఇళ్లను నిలబెట్టిన దక్షిణచిత్ర మ్యూజియానికి ఒకసారి వెళ్లండి. 1996లో తెరిచారు, దాని ప్రణాళికలో వాస్తుశిల్పి లారీ బేకర్ చెయ్యి ఉంది. ఆంధ్ర తీరపు చుట్టిల్లు, చేనేత ఇల్లు అక్కడ నిలబెట్టారు. గోడలు, కప్పుల అతుకులు దగ్గర నుంచి చూడండి. ఫోటోలకే అయితే వెళ్లకండి.

(ప్రశ్న: మాకు ఇప్పుడంత తీరిక లేదమ్మా. తాళం వేసిన ఇంటికి ఈ ఏడు కనీసం ఏం చేయాలి?)

మంచి ప్రశ్న వేశారు, నాయనా. సెప్టెంబరులోగా ఒక్కసారి వెళ్లండి. తలుపులు, కిటికీలు రోజంతా తెరిచి పెట్టండి. తూములో ఆకులు తీయించండి, గోడల్లో మొలిచిన మొక్కలు కోయించండి, చెదల బాటలు గీకేయండి. జరిగిన పెంకులు సర్దించండి. కప్పు ఎక్కే మనిషికి చెప్పండి, పెంకు నడిమధ్యన కాదు, కింద బద్ద ఉన్న చోట అడుగు వేయమని. లేకపోతే ఒక పెంకు సర్దడానికి ఎక్కి, నాలుగు పగలగొట్టి దిగుతాడు.